మోకాళ్ళ జట్టు

"బంతి వచ్చి వాడి కంట్లో తగిలితే?" అన్నాను.

పిల్లల బేస్‌బాల్ జట్టులో వాణ్ణి చేర్చే మాటే తప్ప అప్పటికింకా బంతి లేదు, బ్యాటు లేదు. ఏప్రిల్ నెల. బయట గడ్డి పూర్తిగా పచ్చబడనేలేదు. బల్ల మీద ఓవెన్‌లోంచి తీసిన బంగాళాదుంపల క్యాసరోల్ పొగలు కక్కుతోంది. నా భర్త కర్ట్ గిన్నె అంచున మాడిన భాగాన్ని గరిటెతో గీకి తన పళ్ళెంలోకి లాక్కుంటున్నాడు. ఆ మాడు ముక్కలంటే ఆయనకి ప్రాణం.

"ఆ బంతి మెత్తగా ఉంటుంది మార్నీ. వేలితో నొక్కితే లోపలికి పోతుంది."

"కన్ను ఇంకా మెత్తగా ఉంటుంది."

కర్ట్ నవ్వాడు. మా అబ్బాయి నోలన్ నవ్వలేదు. చెంచా పట్టుకుని నా మొహం వంకా వాళ్ళ నాన్న మొహం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఆడిస్తావా, ఆడించవా? ముందు అది చెప్పు," అన్నాడు. "మా క్లాసులో బ్రాక్ వాళ్ళమ్మ అప్పుడే వాడికి బూట్లు కూడా కొనేసింది."

వాడికి ఆరేళ్ళు. నెల ముందే పుట్టాడు. పుట్టిన కొత్తలో గాజుపెట్టెలో పడుకోబెట్టి, గొట్టాలు పెట్టి ఊపిరి అందించారు. ఆ గాజు మీద చెయ్యి ఆనించి, వాడి ఛాతీ లేవడం, పడడం చూస్తూ కూర్చున్న రోజులు నాలో నుంచి పోలేదు. ఇప్పుడు వాడు లేడిపిల్లలా గంతులేస్తాడు. అయినా నిద్రలో దుప్పటి కదులుతోందో లేదో ఒకసారి చూసుకోకుండా నేను పడుకోలేను. కర్ట్ దీనికి ఏమీ అనడు. నేను తిరిగొచ్చేదాకా దీపం ఉంచుతాడు, అంతే.

"ఆడిద్దాంలే. వెళ్ళి పేరు రాయించు," అన్నాడాయన.

పేర్లు రాయించుకునేది మా ఊరి బళ్ళో, భోజనాల హాల్లో. రోజూ నేను వడ్డించే బల్ల వెనకే ఆ సాయంత్రం వెర్నా గారు కూర్చుంది. పిల్లల ఆటల వ్యవహారమంతా ఆవిడదే. నేను వెళ్ళింది కొడుకు పేరు రాయించడానికి. కానీ కళ్ళెదురుగా అడగడానికి ఒక మనిషి దొరికాక ఊరుకోలేకపోయాను. ఒకరి హెల్మెట్ ఇంకొకరు పెట్టుకుంటే పేలు పట్టవా అన్నాను. ఉరిమితే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారన్నాను. ఎండదెబ్బ తగిలితే? ఆట అయ్యాక తినడానికి ఇచ్చే ద్రాక్షపళ్ళు నిలువుగా కోసి ఇస్తారా, అలాగే ఇచ్చేస్తారా? గొంతులో అడ్డం పడితే?

వెర్నా గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మార్నీ, ఒక జట్టుకి కోచ్ దొరక్క వారం నుంచి తల పట్టుక్కూర్చున్నాను. నీ అంతగా ఆలోచించినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. ఆ జట్టు నీది."

"నాకు ఆట రాదండీ. హైస్కూలే ముక్కుతూ మూలుగుతూ గట్టెక్కాను. ఆటల గంటలో కడుపునొప్పని పక్కన కూర్చునేదాన్ని."

"వాళ్ళకీ రాదు. సరిపోయింది."

కాదనడానికి నోరు తెరిచాను. అంతలో ఒక ఆలోచన వచ్చింది. కోచ్‌నైతే కంచె అవతల కుర్చీలో కాకుండా మైదానంలోనే ఉంటాను, వాడు చేతికందేంత దూరంలో. తెరిచిన నోటితోనే సరేనన్నాను.

*

షర్టుల పెట్టె విప్పిన రోజున నా గుండె జారింది.

మా ఊళ్ళో ఒక్కో జట్టుకి ఒక్కో వ్యాపారస్థుడు షర్టులు ఇస్తాడు. వీపు మీద వాళ్ళ పేరు ఉంటుంది. బ్రాక్ వాళ్ళ నాన్న రస్టీ కోచ్‌గా ఉన్న జట్టుకి ట్రాక్టర్లమ్మే కొట్టువాళ్ళు ఎర్ర షర్టులిచ్చారు. ఐస్‌క్రీం కొట్టువాళ్ళు ఇచ్చినవి పసుపు. నా వంతుకి వచ్చినవి బూడిద రంగువి. వీపు మీద నల్లటి అక్షరాలతో "లండ్ అండ్ సన్స్, అంత్యక్రియల సేవలు" అని రాసి ఉంది.

"నా కొడుక్కి ఇది తొడగను," అన్నాను.

పెట్టె విప్పింది బెవ్. బళ్ళో వంటింట్లో నా పక్కనే పనిచేస్తుంది, జట్టులో నాకు సాయం కోచ్. దాని కూతురు టెస్ కూడా మా జట్టే. బెవ్ నోటికి గొళ్ళెం లేదు.

"ఏమే, ఎందుకు తొడగవు? మంచి గుడ్డ. ఉతికినా కుదించుకుపోదు. పైగా లండ్ గారి దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు అందరం పోయేవాళ్ళమే."

"నోరు ముయ్యవే బెవ్."

నోలన్ అప్పటికే తొడిగేసుకున్నాడు. మోకాళ్ళ దాకా వచ్చింది. "బాగుందా అమ్మా?" అని గిరగిరా తిరిగాడు. వాడు తిరిగినప్పుడల్లా ఆ నల్లటి అక్షరాలు నా కళ్ళ ముందుకి వచ్చి పోయాయి. బాగుందన్నాను.

మా మైదానం ధాన్యం గోదాముల వెనక ఉంది. ఈ వయసు పిల్లల ఆటలో బంతి విసిరేవాళ్ళుండరు. పిల్లల నడుమెత్తున రబ్బరు గొట్టం నిలబెట్టి దాని మీద బంతి పెడతాం. బ్యాటుతో దాన్ని కొట్టి, మైదానం మూలల్లో దిండుల్లా పరిచిన బేసుల్లో మొదటిదానికి పరుగెత్తాలి. అది చేరేలోపు బంతి చేతిలో ఉన్నవాళ్ళు వచ్చి తాకితే అవుటు. పరుగులు లెక్కపెట్టం, ఓడిందెవరో చెప్పం. జట్టులో అందరూ కొట్టేదాకా వాళ్ళదే వంతు. చివరివాడు కొట్టినప్పుడు బేసుల మీదున్నవాళ్ళంతా ఒక్కసారే చుట్టి వచ్చేస్తారు.

మైదానం మధ్యలో సున్నంతో గీసిన గుండ్రం ఉంటుంది. పెద్దవాళ్ళ ఆటలో బంతి విసిరేవాడు నిలబడే చోటది. మా ఆటలో విసిరే పని లేకపోయినా అక్కడ ఒకరు నిలబడతారు. కొట్టిన బంతుల్లో సగం అటే వస్తాయి. అందుకని పిల్లలందరికీ ఆ గుండ్రమే కావాలి.

నాకు మాత్రం అది నుయ్యి నోరు తెరుచుకున్నట్టు కనిపించింది. బ్యాటుకి అంత దగ్గర! అందుకే మొదటి రోజు నేను నేర్పింది బంతి పట్టడం కాదు, కొట్టడమూ కాదు. అందర్నీ గడ్డి మీద కూర్చోబెట్టి అడిగాను.

"ఆటలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేస్తాం?"

"ఏడుస్తాం," అంది విలా. ఎప్పుడూ చేతిలో ఏదో ఒక పువ్వు పట్టుకుని ఉండే పిల్ల.

"ఐసు పెడతాం," అన్నాడు కోడీ, ముక్కులోంచి వేలు తియ్యకుండానే.

"వాళ్ళమ్మ అరుస్తుంది," అంది టెస్.

"కాదు. ఎక్కడున్నవాళ్ళం అక్కడే ఒక మోకాలి మీద కూర్చుంటాం. నోరు మెదపం. కోచ్ ఒక్కరే దగ్గరికి వెళ్తారు. దెబ్బ తగిలినవాళ్ళు లేచాక చప్పట్లు కొడతాం."

ఇది నేను పుట్టించింది కాదు. పెద్ద పిల్లల ఆటల్లో కూడా మా వైపు అంతే, ఒకడు పడితే రెండు జట్లవాళ్ళూ మోకాలు వంచుతారు. కానీ ఆట నేర్పకముందే దాన్ని నేర్పినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఊరికే చూపించడానికి టెస్‌ని పడమన్నాను. అది కెవ్వుమని పడింది. అందరూ టపటపా మోకాళ్ళ మీద కూర్చున్నారు. మైదానమంతా గుళ్ళో ఉన్నట్టు నిశ్శబ్దమైపోయింది. టెస్ లేచింది. చప్పట్లు మోగాయి.

"నేను పడతా! నేను పడతా!"

ఆ సాయంత్రమంతా పడే వంతు కోసం వరస కట్టారు. అంత్యక్రియల షర్టులేసుకుని ఒకళ్ళ తరవాత ఒకళ్ళు గడ్డి మీద వాలిపోతుంటే బెవ్ పొట్ట పట్టుకుని నవ్వింది.

"లండ్ గారు చూస్తే ఆనందంతో ఏడ్చేస్తాడే!"

*

మొదటి ఆట రస్టీ జట్టుతోనే. ఎర్ర షర్టు పిల్ల ఒకతె కొట్టిన బంతి నిదానంగా కోడీ వైపు దొర్లింది. కోడీ దాని కోసం పరుగెత్తాడు, బూటు తాడు తొక్కుకుని బోర్లా పడ్డాడు.

టపటపా. నా జట్టంతా మోకాళ్ళ మీద ఉంది. బంతి కోడీని దాటి, విలాని దాటి కంచె దాకా పోయింది. ఎర్ర షర్టులు ఒకరి వెనక ఒకరు చుట్టి వచ్చేస్తున్నారు.

"మార్నీ!" రస్టీ అరిచాడు. మాసిన టోపీ, పెద్ద బొజ్జ, మనసు మాత్రం మంచిది. "మీవాళ్ళు ఆడుతున్నారా, ప్రార్థన చేస్తున్నారా?"

"దెబ్బ తగిలింది రస్టీ!"

"ఎవడికి?"

కోడీ తల ఎత్తాడు. "నాకు కాదు. నా బూటుకి."

చప్పట్లు మోగాయి.

ఆ తరవాత వాళ్ళని ఆపడం నా వల్ల కాలేదు. హెల్మెట్ జారి కిందపడితే మోకాలు. వెర్నా గారి కుక్క మైదానంలోకొచ్చి పడుకుంటే మోకాలు, అది లేచి పోతుంటే చప్పట్లు. ఒకసారి విలా చేతిలో పువ్వు రేకులు రాలిపోయాయి. అదొక్కతే కూర్చుంది, దాన్ని చూసి పక్కవాడు కూర్చున్నాడు, వాణ్ణి చూసి అందరూ కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో ఎవరికీ తెలియదు. ఊళ్ళో మమ్మల్ని మోకాళ్ళ జట్టు అనసాగారు. పెట్రోలు బంకులో నన్ను చూసి ఒకాయన చెయ్యి గుండెల మీద పెట్టుకుని మోకాలు వంచాడు కూడాను.

లండ్ గారు ప్రతి ఆటకీ వచ్చేవాడు. ఎంత ఎండలోనైనా నల్ల కోటు, నల్ల బూట్లు. మడతకుర్చీ తెచ్చుకుని మొదటి బేసు వైపు కూర్చునేవాడు. ఆట అయ్యాక పిల్లలందరికీ పుల్ల ఐసులు పంచేవాడు. వాళ్ళకి ఆయనంటే ఎంతో ఇష్టం. నాకు మాత్రం ఆయన మావాడి తల నిమిరినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది.

"ఇంత మర్యాద తెలిసిన పిల్లల్ని నేనెక్కడా చూడలేదమ్మా," అన్నాడొకసారి. "నా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు కూడా అంత నిశ్శబ్దంగా ఉండరు."

"మీ దగ్గరికొచ్చేవాళ్ళు నిశ్శబ్దంగానే ఉంటారు కదా లండ్ గారూ," అంది బెవ్.

"వాళ్ళని తీసుకొచ్చేవాళ్ళ సంగతమ్మా నేను చెప్పేది," అన్నాడాయన, నవ్వకుండానే.

ఇదంతా నాకు బాగానే ఉంది. ఎవరూ దెబ్బ తినలేదు. ద్రాక్షపళ్ళు నేనే నిలువుగా కోసి తెచ్చేదాన్ని. హెల్మెట్ల కింద తలా ఒక ప్లాస్టిక్ టోపీ పెట్టించాను, స్నానానికి పెట్టుకునేలాంటివి. పేల ఊసే లేదు. జూన్ వచ్చింది. మొక్కజొన్న మోకాలెత్తు లేచింది. సాయంత్రాలు పొద్దు గోదాముల మీద ఎంతకీ దిగకుండా వేళ్ళాడేది. బాగా లేనిదొకటే, నోలన్ సంగతి.

*

వాణ్ణి నేను కంచె దగ్గర పెట్టాను. మైదానంలో అన్నిటికన్నా దూరపు మూల. అంత దూరం బంతి కొట్టగల పిల్ల గానీ పిల్లవాడు గానీ ఈ వయసులో ఉండరు. కొట్టినా వచ్చేసరికి అది పాకుతుంటుంది.

"గుండ్రంలో నన్నెప్పుడు పెడతావు?" ప్రతి ఆటకి ముందూ అడిగేవాడు.

"వచ్చేసారి నాన్నా."

వచ్చేసారికి ఎండ ఎక్కువగా ఉందన్నాను. ఆ పై సారి నేల తడిగా ఉంది, జారతావన్నాను. ఇంకోసారి టెస్‌కి మాటిచ్చేశానన్నాను. ఏదీ అబద్ధం కాదు. ఎండ ఉంది, తడి ఉంది, మాటా ఇచ్చాను. కానీ వాడు మిగతా పిల్లలు ఆ గుండ్రంలో నిలబడి బంతిని రెండు చేతులతో అదిమి పట్టుకోవడం కంచె దగ్గర నుంచి చూసేవాడు. కంచె తీగల్లో వేళ్ళు దూర్చి నిలబడేవాడు.

ఆఖరి ఆటకి ముందు వారం వాడు అడగలేదు. బండి దిగి, చేతితొడుగు పట్టుకుని, నా వైపు చూడకుండా తిన్నగా కంచె దగ్గరికి నడిచివెళ్ళాడు.

ఇంటికి వస్తూ బండిలో అడిగాను. "కాలు నొప్పిగా ఉందా?"

"లేదు."

"ఆకలేస్తోందా?"

"లేదు."

"మరి నా మీద కోపమా?"

కిటికీలోంచి మొక్కజొన్న వరసల్ని చూస్తూ కూర్చున్నాడు. ఇల్లొచ్చింది. బండి దిగాడు. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు. గట్టిగా వేసినా బాగుండేది.

కర్ట్ షెడ్డులో గడ్డి కోసే మిషన్ బ్లేడు నూరుతున్నాడు. "వాడు అడగడం మానేశాడు," అని చెప్పాను. పోనీలే, ఒక గొడవ వదిలింది అన్నట్టుగానే చెప్పాననుకుంటాను.

ఆయన నూరడం ఆపాడు. "అది మంచి కబురు కాదు మార్నీ," అన్నాడు. మళ్ళీ నూరుకున్నాడు.

*

ఆఖరి ఆట మళ్ళీ రస్టీ జట్టుతోనే పడింది. గాలి లేదు. కుర్చీలన్నీ నిండిపోయాయి. కర్ట్ పని నుంచి నేరుగా వచ్చి లండ్ గారి పక్కన నిలబడ్డాడు.

నోలన్ ఈసారి కూడా అడగలేదు. మా వంతు ఫీల్డింగు రాగానే కంచె దగ్గరికి బయల్దేరాడు.

"చూశావా?" అంది బెవ్, బ్యాట్లు సంచిలో సర్దుతూ. "నువ్వు చెప్పక్కర్లేకుండానే పోతున్నాడు పిల్లాడు."

"అక్కడ వాడికి బాగానే ఉంటుంది."

"అందరూ నిలబడ్డారే ఆ గుండ్రంలో. ముక్కులోంచి వేలు తియ్యని కోడీ నిలబడ్డాడు. బంతి వైపు వీపు పెట్టి పువ్వులు చూసుకునే విలా కూడా నిలబడింది."

"విలాకి ఏమీ కాలేదుగా?"

"అదే నేనూ చెప్పేది. ఏమీ కాలేదు. సరే, నీ ఇష్టం. కంచె పక్కన తెల్లపూల గడ్డి నిండా తేనెటీగలు ముసురుతున్నాయి, అది మాత్రం చూశావో లేదో."

చూడలేదు. తేనెటీగల సంగతి నాకు తట్టనే లేదు. ఇన్ని వారాలు వాణ్ణి ఆ గడ్డిలో నిలబెట్టి, పడుకునే ముందు కళ్ళు మూసుకుని బంతులు ఊహించుకున్నాను. అటు చూస్తే వాడు మోకాళ్ళ దాకా తెల్లపూలల్లో నిలబడి ఉన్నాడు.

"నోలన్! ఇటు రా! గుండ్రంలోకి!"

వాడు నమ్మలేదు. పరుగెత్తలేదు కూడా. పరుగెత్తితే నేను మనసు మార్చుకుంటానేమో అన్నట్టు మెల్లిగా నడిచి వచ్చాడు. నేను వాడికి ముఖానికి తీగల అడ్డు ఉన్న హెల్మెట్ పెట్టాను. పెద్ద పిల్లలు వాడే ఛాతీకవచం ఒకటి ఎందుకైనా మంచిదని వేసవంతా బండిలో పెట్టుకు తిరుగుతున్నాను, అది తెచ్చి కట్టాను. గడ్డం నుంచి మోకాళ్ళ దాకా వచ్చింది.

"నయం, పరుపు చుట్టలేదు," అంది బెవ్.

నోలన్ హెల్మెట్ ఉంచుకున్నాడు. కవచం మాత్రం పట్టీలు ఒక్కొక్కటే విప్పి, మడిచి, నా చేతికిచ్చి గుండ్రంలోకి వెళ్ళి నిలబడ్డాడు. దాన్ని పట్టుకుని నేను పక్కకి వచ్చేశాను. మళ్ళీ కట్టబోతే వాడు ఏం చేస్తాడోనని కాదు. కట్టించుకుంటాడని, మళ్ళీ మాట్లాడకుండా ఉంటాడని.

ఎర్ర షర్టులు ఒక్కొక్కరే కొట్టారు. బంతి ఒకసారి వాడి కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఇంకోసారి తిన్నగా వాడి చేతిలోకి దొర్లింది. వాడు దాన్ని తీసి ఎటు విసరాలో తెలియక విలాకి ఇచ్చాడు. విలా థాంక్స్ అంది. హెల్మెట్ తీగల వెనక వాడి పళ్ళు తళుక్కుమన్నాయి. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ఇక మిగిలింది బ్రాక్ ఒక్కడే. ఆరేళ్ళవాడైనా తొమ్మిదేళ్ళవాడిలా ఉంటాడు. పెద్దయ్యాక వాళ్ళ నాన్నంత అవుతాడు.

"చివరివాడు!" రస్టీ గొట్టం మీద బంతి సర్దాడు. "కొట్టగానే అందరూ చుట్టేసి రండర్రా!"

"నోలన్," అన్నాను, "కాస్త వెనక్కి జరుగు."

ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇంకాస్త."

ఇంకో అర అడుగు.

"ఇంకా..."

వాడు నా వైపు చూశాడు. తరవాత నేలవైపు చూసి, గుండ్రం మధ్యలోకి తిరిగొచ్చి, పెద్ద ఆటగాళ్ళలాగ రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి వంగాడు.

బ్రాక్ కొట్టాడు.

ఆ చప్పుడు పిల్లల ఆటలో వినబడే చప్పుడు కాదు. బంతి నేలకి ఒక్కసారి తగిలి లేచింది. తిన్నగా పోయి నోలన్ పొట్టలో తగిలింది. వాడు మడతపడిపోయి, ముందుకి వాలి, ముడుచుకుని బోర్లా పడ్డాడు.

టపటపా అని మా బూడిద షర్టులు మోకాళ్ళ మీదకి వచ్చాయి. అది రోజూ ఉండేదే. ఆ తరవాతది మాత్రం ఎప్పుడూ లేనిది. మూడో బేసు నుంచి బయల్దేరిన ఎర్ర షర్టు పిల్ల దారిలోనే ఆగి మోకాలు వంచింది. రెండో బేసువాడు కూర్చున్నాడు. మొదటి బేసు నుంచి వచ్చేవాడు కూర్చున్నాడు. వేసవంతా మమ్మల్ని చూసి వాళ్ళకీ అబ్బింది. బ్యాటు పారేసి మొదటి బేసుకి పరుగు లంకించుకున్న బ్రాక్ వెనక్కి తిరిగి చూసి, సగం దారిలో ఒక మోకాలు నేలకానించాడు. వాడి మొహంలో నెత్తురు లేదు. రస్టీ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

కోచ్ ఒక్కరే వెళ్తారు. ఆ మాట నేర్పింది నేను. నడవడం మొదలుపెట్టాను. కంటి కొసకి ఏదో నల్లగా కదిలింది. లండ్ గారు కుర్చీలోంచి లేచి, కోటు బొత్తాం పెట్టుకుంటూ ఇటు వస్తున్నాడు.

"లండ్ గారూ!" అని అరిచాను. "కూర్చోండి! మీకు దణ్ణం పెడతా, మీరు మాత్రం రాకండి!"

ఆయన ఉన్నచోటనే కూలబడ్డట్టు కూర్చున్నాడు. కర్ట్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు, నా మీద నుంచి మాత్రం చూపు తిప్పలేదు.

వాడి పక్కన రెండు మోకాళ్ళ మీదా పడ్డాను. "నోలన్. కన్నా. ఎక్కడ తగిలింది?"

జవాబు లేదు.

వాడి వీపు మీద నల్లటి అక్షరాలు ఉన్నాయి. లండ్ అండ్ సన్స్. అవి కదలడం లేదు. గాజుపెట్టె పక్కన చూసినట్టే చూశాను. కదలండి అనుకున్నాను. చెయ్యి ఆనిద్దామనుకుని, ఆనిస్తే ఏమవుతుందోనని గాలిలోనే ఉంచేశాను.

"నాన్నా, ఊపిరి తియ్యి. మెల్లిగా. అమ్మ ఇక్కడే ఉంది."

అక్షరాలు కొంచెం లేచాయి. పడ్డాయి. మళ్ళీ లేచాయి.

"నొప్పిగా ఉందా? ఎత్తుకోనా? ఇంటికెళ్దామా?"

గోదాముల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. జెండా తాడు స్తంభానికి తగిలి టక్కుమంటోంది. అంతమంది పిల్లలు, ఇంతమంది పెద్దవాళ్ళు, ఒక్క గొంతు లేదు. నేనే నేర్పిన నిశ్శబ్దం అది. ఆ నిశ్శబ్దంలో బండిలో వాణ్ణి నేనడిగిన మాటే మళ్ళీ నా నోట్లోంచి వచ్చింది.

"నా మీద కోపమా నోలన్?"

వాడు తల ఇటు తిప్పాడు. హెల్మెట్ తీగల వెనక మొహం ఎర్రగా ఉంది, కంటి నీళ్ళకి దుమ్ము అంటుకుంది. రెండు చేతులూ పొట్ట కింద బిగించి ఉన్నాయి, బంతి వాటి మధ్య ఉంది. కానీ వాడు చూస్తున్నది నన్ను కాదు. నా చంక కింద నుంచి, సున్నపు గీత మీద ఒక మోకాలిపై కూర్చున్న ఎర్ర షర్టుని చూస్తున్నాడు. పెదాలు ఆడించాడు. ఊపిరి చాల్లేదు. ఇంకోసారి, ఈసారి లోతుగా తీసుకున్నాడు.

"అమ్మా," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలాగ. "కాస్త పక్కకి జరుగు. బ్రాక్ ఇంకా బేసు చేరలేదు."